తుడిస్తేగాని ఎక్కదు

వశిష్ఠ గోదావరి కడలిలో కలిసేచోట కొలువై, పసివాడి పిలుపునకు రాతి కంబం నుంచి సైతం బదులు పలికిన అంతర్వేది లక్ష్మీనృసింహునికి సాగిలి మొక్కి, ఈ చిన్న కథకు శ్రీకారం.

"ఉచితమంటూ వచ్చి మా అబ్బాయిని తుడిచేస్తానంటావేమిటయ్యా?"

వీరాయమ్మ కేకకు ప్రకాశరావు చేతిలోని సీడీ జారబోయింది. రాజోలులో కంప్యూటర్ల దుకాణం అతనిది. కొత్త విండోస్ ఊరికే ఇస్తామని కంపెనీ పెట్టిన గడువు ఆ సాయంత్రంతో సరి. పొద్దుటినుంచి ఇల్లిల్లూ తిరిగి ఇక్కడికి వచ్చాడు.

"మీ అబ్బాయిని కాదండీ పిన్నిగారూ! పాత విండోస్‌ని. తుడిస్తేగాని కొత్తది ఎక్కదండీ."

"అందులో వాడి బొమ్మ ఉందిగా!"

ఉంది. తెర మూలన, దూరాన ఉన్నవాళ్లతో కబుర్లాడుకునే మెసెంజర్ అనే చిన్న పెట్టెలో, కొడుకు పేరు పక్కన, బూడిదరంగు బొమ్మ. అతడు కువైట్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇక్కడ ఆ బొమ్మ పసుపు రంగుకు తిరిగేది. వానలు మొదలైన దగ్గరనుంచి తిరగలేదు. ఫోనూ లేదు. వీరాయమ్మకు ఇంగ్లీషు రాదు గాని రంగులు తెలుసు. నిత్యం స్నానం చేసి, విష్ణు సహస్రనామం ఆ తెర ముందే కూర్చుని పారాయణ చేస్తోంది.

"తుడిచాక ఆ బొమ్మ మళ్లీ పెట్టలేవా?"

"ఆయ్, పెట్టొచ్చండీ. పాస్‌వర్డ్ చెప్పండి మరి."

అది అత్తాకోడళ్లిద్దరికీ తెలియదు. ప్రయాణమయ్యే ముందు అన్నీ కొడుకే అమర్చి వెళ్లాడు. ఆ మాట మెషీనుకు చెప్పాడు, మనుషులకు చెప్పలేదు.

"అయితే మాకొద్దులెండి," అంది కోడలు సీతారత్నం.

"వద్దంటారేంటండీ! అమలాపురం స్టూడియోవారు పెళ్లి ఆల్బముల పని ఇంటికే ఇస్తామన్నారని మీరే కదండీ చెప్పేరు? వాళ్ల ప్రోగ్రాము దీనిమీద నడవదండీ. రేపొచ్చి అడిగితే నేనేం చెయ్యలేను. ఊరికే ఇస్తానంటే వద్దనే ఇల్లు ఈ మండలం మొత్తానికి ఇదొక్కటేనండీ బాబూ!"

"ఆల్బములు పోతే పోనివ్వండి. బొమ్మ ఉండనివ్వండి."

ఆ మాటతో వీరాయమ్మ మనసు కరిగింది. ఇన్నాళ్లూ ఆశ తన ఒక్కదానికే మిగిలిందనుకుంది. ఈ పిల్లకూ ఉందన్నమాట. అంతలోనే ఆమె చూపు కోడలి ఒడిలోని ఊరివాళ్ల జాకెట్ల మీద పడింది. హెమ్మింగు కుట్టి కుట్టి ఆ పిల్ల వేలికొసలు గరుకెక్కిపోయాయి. కళ్ల కింద నలుపు. ఆ ఆల్బముల పని వస్తుందనే కదా, నెల రోజులుగా ఇంట్లో కాస్త నవ్వు వినిపించింది!

తుడవకపోతే ఈ పిల్ల ఇలాగే అరిగిపోతుంది. తుడిచేస్తే, ఏ ఎడారి మూలనుంచో వాడు పిలిచిననాడు ఆఁ అనే దిక్కుండదు. ఏ దేవుడికి మొక్కి తేల్చుకోవాలో ఆ తల్లికి తెలియలేదు. గోడ గడియారం వంక చూస్తూ ప్రకాశరావు గొంతు సవరించుకున్నాడు.

"తుడిచెయ్యి నాయనా," అంది చివరికి వీరాయమ్మ.

"వద్దత్తయ్యగారూ!" సీతారత్నం లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. "పొద్దున్నే మీరు ఎక్కడ కూచుంటారు?"

"దేవుడి గూటి ముందు. లోకమంతా కూచునే చోటే. వాడికి ఇంటి దారి తెలీదటే అమ్మాయ్? వస్తే ఈ గుమ్మంలోంచే వస్తాడు."

సీతారత్నం ఆ చెయ్యి వదిలి, జారిపడిన జాకెట్లు ఏరడానికి వంగింది.

వీరాయమ్మ తెర దగ్గరకు వెళ్లి, పసివాడికి బొట్టు పెట్టినట్టు, ఆ బూడిదరంగు బొమ్మను ఉంగరపు వేలితో తాకింది. "కోపం తెచ్చుకోకు నాన్నా. ఇంట్లో జరగాలి కదా," అని పక్కకు తప్పుకుంది. ప్రకాశరావు సీడీ తోశాడు. తెర నల్లబడింది. నలుపులో తెల్లటి అంకెలు పాకాయి. వీరాయమ్మ పమిట కొంగు నోట కుక్కుకుని నేలమీద కూలబడింది.

"నువ్వు ఏడవకే పిచ్చిదానా," అంది ఆ స్థితిలోనే. "నువ్వేడిస్తే వాడికి మంచిది కాదు."

సీతారత్నం ఏడవడం లేదు. గుండె నిబ్బరం గల పిల్ల అనుకుంది అత్తగారు.

పొద్దు వాలేసరికి తెరమీద కొత్త రంగులు విచ్చుకున్నాయి. బొమ్మ ఉండే మూల ఖాళీగా ఉంది.

"ఇహ ఒక్కటేనండీ," అంటూ ప్రకాశరావు తన సెల్లులో కంపెనీ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి బల్లమీద ఉంచాడు. "వాళ్లడిగినదానికి ఇంటివారే బదులు చెప్పాలండి. చెబితే మనకో నంబరిస్తారు, అది కొడితే అయిపోయినట్టే."

అవతల ఒక ఆడపిల్ల గొంతు పలికింది. "నమస్కారమండీ. కంప్యూటర్ ఎవరి పేరు మీద కొన్నారో చెప్పండి."

కొన్నది కొడుకు పేరు మీదే. ఆ పేరు ఎవరు అడిగినా ఎప్పుడూ అత్తగారే చెప్పేది. వీరాయమ్మ కళ్లొత్తుకుని నోరు తెరిచింది.

ఈలోగానే సీతారత్నం, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏ ఆఫీసు బల్ల ముందో పలుమార్లు చెప్పి అలవాటైనదానిలా, ఎక్కడా తొట్రుపడకుండా అంది: "సుబ్రహ్మణ్యేశ్వరరావు."

పలికితే పెనిమిటి ఆయుష్షు తరిగిపోతుందని, మెడలో పుస్తె పడిన నాటినుంచి ఆమె పెదవి దాటనివ్వని పేరు అది. తరిగేందుకు ఇంకేమైనా మిగిలి ఉంటే, ఇప్పుడూ దాటనిచ్చేది కాదు.

ఈ కథ చదివినవారికి, చదువుతుండగా విన్నవారికి, వారు తలచుకునే దూరపు మనుషులకు ఆ స్వామి నిండు నూరేళ్లు ప్రసాదించుగాక. ఎదురుచూపులున్న ప్రతి ఇంటికీ ఎదురుచూసినవారే నడిచి వచ్చెదరుగాక.