ఇంటి మీదికి తెచ్చిన రేకులు

కొత్త ఇంటి కప్పు కోసం తాతయ్య తెచ్చి వాకిట్లో పేర్చిన రేకులు సాయంత్రానికల్లా మాయమయ్యాయి.

"రేకులేవే?"

"గాలివానకి వీధిలో సగం ఇళ్ళ కప్పులు లేచిపోయాయి కదా. పిల్లల్ని చంకనేసుకొచ్చి అడుగుతుంటే కాదనలేక అమ్మేశాను," అంది నానమ్మ. "రేపు మళ్ళీ తెండి."

తాతయ్య సణుక్కుంటూనే మర్నాడు బండెడు తెచ్చాడు. అవీ అయిపోయాయి.

మూడోసారి బండి దిగకుండానే, "ముందు మనింటికి తీసి పక్కన పెట్టు," అన్నాడు.

నానమ్మ వాకిట్లో ఉన్న జనాన్ని చూపించి, "వరుసలో రండి," అంది.

ఆయన నవ్వుకుంటూ వెళ్ళి అందరి వెనకా నిలబడ్డాడు.

మూడు తరాలుగా నడుస్తున్న మా రేకుల కొట్టుకి అదే ప్రారంభోత్సవం. టార్పాలిన్ కింద కాపురం చేస్తున్న తాతయ్యకి మాత్రం, మా నాన్న పుట్టాక గాని వంతు రాలేదు.