పడవలో సాంచ చప్పుడు

అలారం మోగింది. సంపత్ లేవలేదు. రెండో గడియారం మోగింది. మూడోది కూడా మోగేసరికి పక్క గోదాములో సరుకు దించుతున్న హమాలీలు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. సంపత్ మాత్రం అటునుంచి ఇటు ఒత్తిగిల్లి, దుప్పటి సరిచేసుకున్నాడు.

"గీ మొకం సముద్రం దాటుతదట!" అని రామలింగం నెత్తి కొట్టుకున్నాడు.

సంపత్ పడుకున్న ఆ ప్లైవుడ్ గోదాము ఆయనదే, ముంబై దగ్గరి అంజూర్ ఫాటాలో ఉంది. ఆయన కొడుకు యోగేష్, సంపత్ చిన్నప్పటి దోస్తులు. ఇద్దరూ కలిసి ప్లైవుడ్ పలకల వెనకాల ఏళ్ల తరబడి చెమటోడ్చి ఒక తెరచాప పడవ కట్టారు. పొడుగు ఒక టెంపో అంత. సాంచలో, అంటే మరమగ్గంలో, నూలుతో అటూ ఇటూ పరుగెత్తే నాడె లాగా కొనదేలి ఉందని దానికి 'నాడె' అనే పేరు పెట్టుకున్నారు. ఊరంతా మరమగ్గాలు పెట్టుకుని బతుకుతుంటే వీళ్లు పడవ కడతారేమిటని నవ్వనివాడు లేడు. అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ముంబై నుంచి ఆఫ్రికా తీరం దాకా పందెం. పడవకు ఒక్కడే మనిషి. పందెంలో చేర్చుకునే ముందు పరీక్ష ఉంది. కొన్ని రాత్రులు ఒంటరిగా సముద్రంలో తిరగాలి. అరగంటకోసారి లేచి, దగ్గరలో ఓడలేమైనా వస్తున్నాయేమో చూసి, వైర్‌లెస్‌లో "ఉన్నా" అని చెప్పాలి. ఒక్కసారి తప్పినా పేరు కొట్టేస్తారు. నడిసముద్రంలో నిద్రపోయేవాడిని ఓడ వచ్చి తొక్కేస్తే దిక్కెవరు?

ముంబై క్లబ్బులో పడవలు బాగుచేస్తూ సంపత్ అన్నీ నేర్చుకున్నాడు. గాలి వాలు చూస్తాడు, చుక్కల్ని బట్టి దారి చెబుతాడు. ఒక్క మెలకువే వాడి వల్ల కాదు.

నిద్ర ఆ ఇంటి ఆస్తి. తండ్రి కనుకయ్య సాంచల మధ్య బల్ల మీదే కునుకు తీసేవాడు. కండెలో నూలు అయిపోయే వేళకు మాత్రం ఎలాగో లేచి నిలబడి, సేటుకు దొరక్కుండా తప్పించుకునేవాడు. తల్లి పెంటవ్వ కార్ఖానాలోనే ఊయల కట్టి, పక్కన కూర్చుని కండెలు చుట్టేది. ఆ మోతలో సంపత్ హాయిగా నిద్రపోయేవాడు. కరెంటు పోతే మాత్రం కేరుమనేవాడు. పాపం, పసివాడికి ఉక్కపోస్తోందని పక్కవాళ్లు విసనకర్ర అందించేవారు.

యోగేష్ చేయని ప్రయత్నం లేదు. చెవి దగ్గర ఆటో హారన్ కొట్టాడు. గణపతి మండలి ఢోలు తెచ్చి వాయించాడు. నీళ్లు చల్లితే, వాన వచ్చిందనుకుని సంపత్ దుప్పటి నిండా కప్పుకున్నాడు.

పరీక్షకు బయలుదేరే రోజు పెంటవ్వ రేవుకు వచ్చింది. ఒక చేతిలో సకినాల డబ్బా, మరో చేతిలో క్యాసెట్.

"మన కార్ఖానల సాంచల సప్పుడు పట్టుకొచ్చిన కొడుకా. ఇది పెట్టుకొని పండుకో."

యోగేష్ దాన్ని టేప్‌రికార్డర్‌లో పెట్టి మీట నొక్కాడు. టకటకమని రేవు దద్దరిల్లింది. సంపత్ తెరచాప కొయ్యకు చేరబడి విన్నాడు. కాసేపటికే కళ్లు వాలాయి. నిలబడినవాడు నిలబడినట్టే గుర్రు పెట్టాడు.

యోగేష్‌కు ఒళ్లు మండింది. టేపు ఠక్కున ఆపి, "లే బే!" అని అరిచాడు. సంపత్ ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

"సూసినవా పెద్దమ్మా? నేను గట్ల ఒర్లితేనే లేసిండు. వాన్ని లేపుడెట్లరా అని మేం తన్లాడుతుంటే నువ్వు జోలపాట పట్టుకొచ్చినవా?"

"నువ్వు ఊకో బిడ్డా. నా కొడుకు సంగతి నాకెర్కలేదా?"

తల్లితో వాదించి ఎవడు గెలిచాడు? క్యాసెట్ పడవలోనే ఉండిపోయింది. కనీసం వీటినైనా వాడమని బతిమాలి, యోగేష్ మూడు కొత్త గడియారాలు సంపత్ చేతిలో పెట్టాడు.

పరీక్ష జరిగినన్ని రాత్రులూ యోగేష్ పందెం వాళ్ల కాపలా ఓడలో వైర్‌లెస్ ముందు గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాడు. అరగంట కావస్తుంటే గడియారం వంకే చూసేవాడు. అంతలో సంపత్ గొంతు వినిపించేది.

"ఉన్న. దగ్గర్ల ఓడలేం లెవ్వు. టెన్షన్ నక్కో, ఫికర్ పడకు."

ఒక్కసారి కూడా తప్పలేదు. అదే పరీక్షకు వచ్చి, నెత్తి చుట్టూ గడియారాలు పేర్చుకున్న గోవా కుర్రాడు రెండో రాత్రే నిద్రపోయి ఇంటిదారి పట్టాడు. దోస్తు కన్ను మూయకుండా ఎంత అవస్థ పడుతున్నాడోనని యోగేష్‌కు ఏడుపొచ్చింది.

'నాడె' రేవుకు చేరింది. పందెంలో సంపత్ పేరు ఖాయమైంది. రామలింగం అందరికంటే ముందు పరుగెత్తి దండ వేశాడు. సంపత్ మొహం కడిగిన ముత్యంలా ఉంది.

"ఒక్కపారన్న పండుకున్నవారా?" అని యోగేష్ అడిగాడు.

"మస్తు పండుకున్న."

యోగేష్ నమ్మలేక పడవలోకి దూకాడు. గడియారాలు అట్టపెట్టెల్లోంచి బయటికే రాలేదు. టేప్‌రికార్డర్‌లో పెంటవ్వ క్యాసెట్ ఉంది. అనుమానంతో దాన్ని మొదటికి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. సాంచలు చాలాసేపు మోగాయి. ఆ తర్వాత చప్పుడు లేదు. ఎంతసేపు విన్నా అంతా ఖాళీ.

"ఏంది పెద్దమ్మా, నడుమల కరెంటు పోయిందా? సప్పుడు అద్దగంటకే బందైంది!"

పెంటవ్వ సకినం ముక్క వాడి నోట్లో పెట్టి నవ్వింది.

"నేనే బంద్ చేసిన బిడ్డా, సాంచ నడిస్తె మావోళ్లు పండుకుంటరు, ఆగితెనే లేస్తరు."