మాస్టారి సిస్టమ్

"మళ్లీ మొదలైంది," అంటూ మాస్టారు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "రా అమ్మాయ్, వచ్చి నీ నిర్వాకం చూసుకో."

కంప్యూటర్లు చూసుకునే అమ్మాయి పళ్లు నూరుకుంటూ ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. వచ్చిందే గానీ ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. కీబోర్డు సందుల్లో ఒలికిన టీ ఎండి జిగురు కట్టింది. బిస్కెట్ పొడి మౌస్ కింద దాకా పాకింది. మౌస్ పట్టుకుంటే వేళ్లకి అంటుకుని ఊడి రానంది. ఛీ, ఇంత వయసొచ్చిన మనిషికి తన బల్ల తుడుచుకోవడం తెలీదా అనుకుంది.

ముక్కు చిట్లించి స్క్రీన్ మీద ఒక విండోని పక్కకి లాగింది. అది నత్తనడకన, వెనక తన నీడల్ని ఈడ్చుకుంటూ కదిలింది.

"నిన్న సాయంత్రం బాగుచేసే వెళ్లాను మాస్టారూ. గాలిలో తేలినట్టు నడిచింది."

"నీకు నడిచిందేమో. నాకు మాత్రం గీత గీస్తే వంకర టింకరగా ఎగురుతోంది. ఈ ప్లాన్లు చూసి ఇల్లు కట్టుకునేవాడు మనల్ని తిట్టుకోడూ?"

ఇళ్లకి ప్లాన్లు గీసిచ్చే ఆఫీసు అది. కంప్యూటర్లని నడిపించే పాత సాఫ్ట్‌వేర్ తీసేసి లైనక్స్‌కి మారదామని మేనేజర్ వెంట పడి ఒప్పించింది ఈ అమ్మాయే. మారిన మర్నాడే సిస్టమ్‌లన్నీ చతికిలబడ్డాయి. గ్రాఫిక్స్ కార్డుని నడిపే పాత డ్రైవర్ ప్రోగ్రామ్ పనికిరాక, బొమ్మలు గీసే బరువంతా ప్రాసెసర్ నెత్తిన పడింది. కొత్త డ్రైవర్ వేసి అందరివీ దారిలో పెట్టింది. మాస్టారిది మాత్రం సాయంత్రం కోలుకుంటుంది, పొద్దున్నే మంచం పడుతుంది.

మేనేజర్ ఆమెని గదిలోకి పిలిచాడు.

"చూడమ్మా, మాస్టారు ఊరికే గొడవ పెట్టే మనిషి కాదు. ఆయన ప్లాన్లు రెండు తిరిగొచ్చాయి. గోడలన్నీ వంకర్లు. రేపటికి తేల్చు. తేల్చలేకపోతే పాత సాఫ్ట్‌వేర్ వాళ్లనే పిలుస్తాను. అప్పుడిక నీతో పనుండదు."

ఈ ఉద్యోగం కోసం ఆమె ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. తిరిగి ఆ మెట్లన్నీ ఎక్కాలంటే ప్రాణం ఉసూరుమంది.

ఆ రోజంతా మాస్టారి సిస్టమ్‌తోనే కుస్తీ పట్టింది. కేబుల్ మార్చింది. డ్రైవర్ తీసి మళ్లీ వేసింది. పక్క బల్ల అక్క సిస్టమ్‌లోంచి కార్డు పీకి ఇందులో పెట్టి చూసింది. అన్నీ బంగారంలా పనిచేశాయి.

"మాస్టారు ఇదివరకు ఇలా ఉండేవారు కాదే," అంది పక్క బల్ల అక్క. "మా అందరి చేతా గీత దిద్దించింది ఆయనే. ఈమధ్య భోజనానికి పిలిచినా మాతో కూర్చోవట్లేదు."

"కూర్చోకపోవడమే నయం, ఆ బల్ల చూస్తే అన్నం సహించదు," అంది అమ్మాయి. "ఆయన పెట్టే ఫిర్యాదులు చూశావా అక్కా? ఒక్కో అక్షరం మూడేసి సార్లు కొట్టి పంపిస్తారు. సరిదిద్దుకోవడానికి కూడా బద్ధకమే. పని ఎగ్గొట్టడానికి దొరికింది సాకు."

మర్నాడు అందరికన్నా ముందే వచ్చి బీరువా పక్కన నక్కింది. కాసేపటికి మాస్టారు వచ్చాడు. చుట్టూ చూసి స్విచ్ వేశాడు. స్క్రీన్ వెలిగి, ఎలా మొదలుపెట్టాలని అడగ్గానే, మీట నొక్కి జాబితాలో కిందికి వెళ్లి సేఫ్ మోడ్ ఎంచుకున్నాడు. ఏదైనా చెడిపోయినప్పుడు, గ్రాఫిక్స్ కార్డుని పక్కన పెట్టి నడిపించే పద్ధతి అది. అందులో గీయబోతే ఏ సిస్టమైనా పాకుతుంది.

ఆమెకి ఒళ్లంతా కంపరమెత్తింది. ఇన్నాళ్లూ తన చెమటని ఈయన రోజూ పొద్దున్నే కాలువలో పోస్తున్నాడన్నమాట!

"మాస్టారూ!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "మెల్లిగా అమ్మాయ్, మెల్లిగా."

"ఇదా మీరు చేస్తున్న పని? నా ఉద్యోగం తీయించాలని ఎందుకు కక్ష కట్టారు? నేనేం అన్యాయం చేశాను మీకు?"

"నీమీద నాకు కక్షేంటమ్మా? అది అలా పాకుతుంటేనే నాకు వీలు."

"వీలెందుకుండదూ! తప్పంతా దానిమీదా నామీదా తోసేసి హాయిగా కూర్చోవచ్చు."

మాస్టారు చేతులు బల్ల కిందికి లాక్కున్నాడు. "రిటైరయ్యేదాకా ఓపిక పట్టు తల్లీ. మేనేజర్‌కి చెప్పకు."

తల్లీ అట, తల్లి! ఆ పిలుపు వింటే ఆమెకి ఇంకా రోత పుట్టింది. అబద్ధాలాడడం, దొరికిపోతే వరసలు కలపడం. వెళ్లి, అప్పుడే లోపలికొస్తున్న మేనేజర్‌ని చెయ్యి పట్టుకు లాగినంత పని చేసి తీసుకొచ్చింది. వెనకే పక్క బల్ల అక్క, మిగతావాళ్లు పోగయ్యారు.

"చూడండి సార్, సేఫ్ మోడ్‌లో పెట్టింది ఈయనే. నా కళ్లారా చూశాను."

సిస్టమ్ ఆపి మామూలుగా మొదలుపెట్టింది. విండోలు చేప పిల్లల్లా జారాయి. జిగురు మౌస్ పట్టుకుని ఒక గీత గీసింది. దారం కట్టి లాగినంత తిన్నగా వచ్చింది.

"ఇప్పుడు మాస్టారిని గీయమనండి."

"నువ్వు గీశావుగా," అన్నాడు మాస్టారు, చేతులు బల్ల కిందే ఉంచుకుని. "చాల్లే."

"చాలదు. గీత ఎగురుతోందన్నది మీరు. మీరే గీయండి, అందరూ చూస్తారు."

మేనేజర్ మొహం చిరాగ్గా పెట్టాడు. "ఒక్క గీతే కదా మాస్టారూ, గీసి తేల్చేయండి."

మాస్టారు అందరి మొహాలూ ఒకసారి చూశాడు. తర్వాత కుడి చెయ్యి బల్ల మీదికి తెచ్చి మౌస్ మీద వేశాడు. అందరూ స్క్రీన్ మీదికి వంగారు. నీడల్లేవు, ఆలస్యం లేదు. అయినా గీత రంపపు పళ్లలా ఎగిరెగిరి పడింది.

"ఇదెలా?" అంటూ అమ్మాయి స్క్రీన్ మీంచి కళ్లు తిప్పింది.

మౌస్ మీద మాస్టారి చెయ్యి ఆగకుండా వణుకుతోంది.