కొంగ తప్పు లెక్క

తప్పు చెప్పి, మన వైపు చూస్తూ ఆగేది కదా కొంగ, ఇప్పుడెందుకు ఆగడం లేదు? హైమ ఆ పాత లెక్కల కార్టూన్‌ను మళ్ళీ వెనక్కి తిప్పింది. "ఏడూ ఎనిమిదీ పదిహేను" అని చెప్పేసి కొంగ ఎగిరిపోయింది.

తన చిన్నప్పుడు అది పద్నాలుగు అనేది. తనూ అన్నయ్యా టీవీ ముందు గొంతు చించుకుని "కాదూ!" అని అరిచేవాళ్ళు. తనకంటూ ఒక గొంతు ఉందని ఆమెకు మొదట తెలిసింది ఆ అరుపులోనే. పాత కార్టూన్లలో తప్పులన్నిటినీ యంత్రాలు దిద్దేస్తున్నాయని విన్నది గానీ, కొంగను కూడా వదలవనుకోలేదు.

పక్కన కూతురు ఆద్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పిల్లలందరికీ ఉన్నట్టే దాని చెవిలోనూ జవాబులు చెప్పే పూస ఉంది.

"ఇందులో ఏముందమ్మా? కొంగకి లెక్కలొచ్చు, అంతేగా?"

"అప్పట్లో దానికి రావు."

"లెక్కలు రాని కొంగని పెట్టారా? పిచ్చాళ్ళా?"

హైమకు నవ్వు రాలేదు. మొన్న బళ్ళో ఎవరో కుర్చీ లాక్కుంటే ఈ పిల్ల నిలబడే ఉందట. నువ్వేమన్నావే అని అడిగితే, "పూస ఏమీ చెప్పలేదమ్మా" అంది. ఇది జన్మలో ఎవరినైనా కాదనగలదా?

ఆమె కార్టూన్ ఆపింది. కూతురి చెవిలోంచి పూస తీసి, పోపులడబ్బాలో పడేసి మూత పెట్టింది.

"ఏడూ ఎనిమిదీ పద్నాలుగు" అని, ఆద్య ముఖంలోకి చూస్తూ ఆగింది.