జంట చీటీ

“స్వాములూ! శబరిమల తొవ్వ ఇటు కాదు. గిది గద్వాల తొవ్వ,” అని జీపులోనుంచి బిలాల్ కేక వేశాడు.

“మాకు ఎరుకే. నువ్వు జర హారన్ బందు పెట్టు,” అన్నాడు లింగయ్య.

బిలాల్ నవ్వి జీపును ముందుకు పోనిచ్చాడు. యువజన సంఘం వారి సైకిల్ యాత్రకు అతడే పెద్ద. నాగర్‌కర్నూల్ నుండి వనపర్తి, పెబ్బేరు మీదుగా గద్వాల కోట దాకా తొంభై కిలోమీటర్ల పైమాట. వరుసలో నిలిచిన చొప్పున ఇద్దరిద్దరు జంటగా తొక్కాలి. జంటకు ఒక్కటే చీటీ. మజిలీ మజిలీకీ దానిమీద ముద్ర పడాలి. సాయంత్రం నాలుగు లోపల ఇద్దరూ కోట చేరాలి. ఒకరు వెనుక వచ్చే లారీ ఎక్కితే, రెండవవారు చేరినా చెల్లదు.

పొద్దున వరుసలో లింగయ్య మఫ్లరు సర్దుకునే నెపంతో నలుగురిని తనకంటే ముందుకు పంపాడు. చివరకు నల్లబట్టల కుర్రవాని వెనుక అతని వంతు వచ్చింది. “ఇద్దరూ స్వాములే, జోడీ మస్తు కుదిరింది,” అని బిలాల్ ముప్పయ్యేడో నంబరు చీటీ చేతిలో పెట్టాడు.

కుర్ర స్వామి తల ఎత్తి చూశాడు. “స్వామి శరణం,” అన్నాడు.

“స్వామి శరణం.”

బిజినేపల్లిలో మొదటి ముద్ర పడింది.

డిసెంబరు నెల. సముద్రంలో ఎక్కడో తుఫాను పట్టి మూడు దినాలుగా ముసురు. సూర్యభగవానుని జాడ లేదు. అయ్యప్ప దీక్షా నియమం చొప్పున ఇద్దరివీ వట్టి కాళ్ళు. పెడల్ చల్లదనం అరికాలిలో మొదలై మోకాలి దాకా ఎక్కి అక్కడ నిలిచిపోయింది. మొదట నొప్పి, తరువాత మంట, ఆ తరువాత ఏమీ లేదు. కాళ్ళు తిరుగుతున్నాయని కంటితో చూచి తెలుసుకోవలసి వచ్చింది. నిత్యం పాలక్యాన్లతో ఇరవై కిలోమీటర్లు తొక్కే లింగయ్యకు దూరం లెక్కలోనిది కాదు. ఆ మొద్దుబారడం కూడా కొత్త కాదు. లోపల అట్లా ఉండి చాలా కాలమైంది.

మాల మెడలో పడిన దినాన పేరు, కులం, వయస్సు, చుట్టరికం అన్నీ గడప అవతలే నిలిచిపోతాయి. పెద్దవాడు చిన్నవాని పాదాలకు మొక్కవలసిందే. కోపం పనికిరాదు. ఎదుటి స్వామి పలకరిస్తే మారు పలకక తప్పదు.

వనపర్తిలో రెండవ ముద్ర పడగానే కుర్ర స్వామి రోడ్డు పక్క రాతిమీద కూలబడ్డాడు. లారీ వచ్చి నిలిచింది.

“నాతోని కాదు స్వామి. కాళ్ళున్నయో లేవో తెలుస్తలేదు. లారీ ఎక్కుత.”

ఆ దినం లింగయ్యకు కావలసింది ఒక్కటే: ఈ కుర్రవాడు లారీ ఎక్కరాదు.

“చీటీ ఖరాబైతది స్వామి.”

“పోతే పోయింది.”

“నాకు పోవద్దు.”

లింగయ్య తడి నేలమీద చతికిలబడి ఆ రెండు పాదాలనూ ఒడిలోకి తీసుకున్నాడు. అరచేతులతో రుద్దసాగాడు. కుర్ర స్వామి లాగుకోబోయి ఆగాడు. ఎడమ మడమమీద పాత మచ్చ ఒకటి. లింగయ్య బొటనవేలు అక్కడ కొంచెంసేపు నిలిచింది. తరువాత అతడు తన నల్ల తువ్వాలను నిలువునా చించి రెండు పాదాలకూ చుట్టాడు.

“చెప్పులు తొడగొద్దంటరు గద?”

“గుడ్డ చెప్పెట్లయితది? అయ్యప్పకు నేను చెప్పుకుంట గని, నువ్వు లెవ్వు.”

కుర్ర స్వామి పెదవి కొనలో నవ్వు మెదిలింది. లారీ ఖాళీగా కదిలింది.

పెబ్బేరు తోవలో అతడే మాట కలిపాడు. “ఇంట్ల మాత మంచిగున్నదా స్వామి?” మాల వేసినవారికి ఆడవారంతా మాతలే.

“మోకాళ్ళ నొప్పులు. రొట్టెలు మాత్రం రోజూ రెండు ఎక్కువ చేస్తది.”

“ఎందుకు?”

“ఎవరన్న వస్తరేమోనని. ఆరేండ్ల సంది.”

ఎదుట ఎవరూ లేకున్నా కుర్ర స్వామి సైకిల్ గంట మోగించాడు.

పెబ్బేరులో మూడవ ముద్ర పడింది. బీచుపల్లి వంతెనమీద గాలి కత్తివలె తగిలింది. కింద కృష్ణమ్మ ఉన్నదో లేదో ముసురులో కానరాలేదు.

“పిల్లలా స్వామి?” అని అడిగాడు లింగయ్య.

“ఒక్క బిడ్డ. రెండేండ్లది.”

“పేరు?”

“జములమ్మ.”

“ఈ కాలంల గంత పాత పేరా?”

“మా నాయినమ్మ పేరు.”

లింగయ్య సైకిల్ ఒకసారి తూలింది.

ఎర్రవల్లి తరువాత అతని వేగం తగ్గింది. కుర్ర స్వామి చూచి ముందుకు వచ్చాడు. “నా వెనుక రాండ్రి స్వామి. గాలికి నేను అడ్డముంట.”

“మాల తీసినంక ఎటు పోతవు?” ఆ వీపునే అడిగాడు లింగయ్య.

“అప్పటి సంగతి అప్పుడు. ఇప్పుడైతే స్వాములం.”

కోట దర్వాజా చేరేసరికి నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. బిలాల్ చివరి ముద్ర వేసి రిజిస్టరు తెరిచాడు.

“పొద్దున నంబర్లే రాసినం. ప్రశంసాపత్రానికి పేరు, తండ్రి పేరు కావాలె. ముందుగాల పెద్ద స్వామి.”

“లింగయ్య. మా నాయిన బుడ్డయ్య.”

“చిన్న స్వామి?”

“తిరుపతి.”

“తండ్రి పేరు?”

తిరుపతి తన పాదాలకున్న నల్లగుడ్డ వంక చూస్తూ నిలుచున్నాడు. కలం కాగితంమీద ఆగింది. లింగయ్య మెల్లగా సైకిల్‌ను వెనుకకు తిప్పుకున్నాడు.

“చెప్పు స్వామి, నా చేతులు గూడ కొంకర్లు పోతున్నయ్,” అన్నాడు బిలాల్.

“పై వరుసల ముందుగాల రాసిన పేరే,” అన్నాడు తిరుపతి.