స్పెషల్ క్లాస్

సముద్రం ఒడ్డున ఇసుకలో చేపలు ఎండబెడుతున్న అమ్మ నన్ను చూసి నవ్వలేదు. ముందు నా వెనకాల రోడ్డుకేసి చూసింది.

"ఎవరితో వచ్చావే?"

"ఒక్కదాన్నే. నువ్వు ఈ ఊళ్ళో దాక్కున్నావని అమ్మమ్మ చెప్పింది. నాన్నకి స్పెషల్ క్లాస్ ఉందని చెప్పా."

అప్పుడు చేతులు చీరకి తుడుచుకుని నన్ను దగ్గరికి లాక్కుంది. నాన్న విరగ్గొట్టిన చెయ్యి ఇంకా సరిగ్గా వంగడం లేదు.

"చిక్కిపోయావేంటే? తిండైనా పెడుతున్నాడా ఆ మనిషి?"

"నాన్న మారిపోయాడమ్మా, ప్రామిస్. ఇప్పుడు అరవను కూడా అరవడు. పోయినవారం కొత్త ఫోన్ కొనిచ్చాడు. ఎక్కడికెళ్ళినా దగ్గరే ఉంచుకోమన్నాడు."

నా వీపు నిమురుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఆ ఫోన్ ఇప్పుడెక్కడుంది?"

బ్యాగులోంచి తీసేలోపే అది మోగింది. నాన్న. ఎత్తాను.

"క్లాసులో ఉన్నావా బంగారం?"

"ఆఁ నాన్నా. సార్ పాఠం చెబుతున్నారు."

"మంచిది. మీ సార్‌ని అక్కణ్ణుంచి కదలొద్దని చెప్పు. ఒకసారి కలిసి మాట్లాడాలి," అన్నాడు మెత్తగా.

ఆయన గొంతు వెనకాల కూడా అలల చప్పుడు వినిపిస్తోంది.