మొదటి తూటా

తలుపుకు లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు అబూ నాసర్. తర్వాత చెయ్యి చాపాడు.

"ఫోన్ ఇలా ఇవ్వు గంగా. ఫొటోలు గిటోలు వద్దు."

గంగాధర ఇచ్చేశాడు. ఇవ్వక ఏం చేస్తాడు? ఈ అరబ్బు దేశం వచ్చి, రిగ్గైలో ఆయన ఇంట్లో డ్రైవరుగా చేరిన రోజున పాస్‌పోర్టు కూడా ఇలాగే అడిగితే ఇచ్చేశాడు. అది ఇప్పటికీ ఆయన బీరువాలోనే ఉంది.

ఇది ఎడారిలో కబ్ద్ అనే చోట అబూ నాసర్‌కు ఉన్న పశువుల ఫారం. చుట్టూ ఎత్తు గోడ, గోడ అవతల ఇసుక. కేకేసినా వినే దిక్కు లేదు.

టేబుల్ మీద గుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద మూడు పిస్తోళ్లు.

"నువ్వు మిలిటరీలో తుపాకులు బాగుచేసేవాడివి కదా. చూసి చెప్పు. వీటిలో నమ్మదగింది ఏది?"

పొద్దున బయల్దేరేముందు యజమానిని తనలాగే బాబా అని పిలిచే వంటమనిషి మద్దమ్మ చెప్పిన మాటలు గంగాధర చెవిలో మోగాయి.

"అన్నా, బాబా నిన్నట్నుంచీ మెతుకు ముట్టలేదన్నా. ఫోన్లో ఆ అసిఫ్ మీద ఒకటే అరుపులు. చంపేస్తా నిన్ను అన్యాడు. నా చెవులారా ఇన్యా. నువ్వు బద్రం."

"కోపంలో అంటారమ్మా అట్లాంటివి. నిజంగా చంపుతారా ఏంది?" అని కొట్టిపారేశాడు తను.

అసిఫ్ ఈ ఫారం చూసుకునే మనిషి. ఎప్పుడొచ్చినా గేటు తీసి, చాయ్ ఇచ్చి, కబుర్లు చెప్పేవాడు. ఇవాళ గేటు అబూ నాసరే తీసుకున్నాడు. కారు దిగుతుంటే వెనక షెడ్డులోంచి మూలుగు లాంటిది వినిపించింది. ఏదో బరువుగా నేలకు కొట్టుకుంటున్న చప్పుడు.

"అసిఫ్ ఎక్కడ బాబా?" అడిగాడు గంగాధర.

"షెడ్డులో. అక్కణ్ణుంచి కదలొద్దన్నాను."

గంగాధర టేబుల్ దగ్గరికి జరిగాడు.

మొదటి పిస్తోలు తీశాడు. ఇటలీది. నిండా ఉక్కు, చేతికి బరువుగా ఆనింది. పైభాగం వెనక్కి లాగితే వెన్నలా జరిగింది. గొట్టం లోపల అద్దంలా మెరుస్తోంది. వంక పెట్టడానికేమీ లేదు.

రెండోది ఆస్ట్రియాలో తయారైంది. పిడి ప్లాస్టిక్. చూపుకు అందం లేదు, ఒంటి నిండా గీతలు. కానీ స్ప్రింగులు బిగువుగా ఉన్నాయి, ఎక్కడా వదులు లేదు. ఇసుకలో పడేసి తీసినా పేలే రకం.

మూడోది వెండిలా తళతళలాడుతోంది. మీద లతలూ పువ్వులూ చెక్కారు. ఎవరో కానుకగా ఇచ్చి ఉంటారు. ఆ కంపెనీ పేరు గంగాధర ఎన్నడూ వినలేదు. ఊపితే గలగలమంది. లాగితే మధ్యలో పట్టేసింది. విప్పి చూస్తే, తూటాను వెనక నుంచి కొట్టాల్సిన పిన్ను మొన అరిగి మొద్దుబారింది. ఇలాంటిది మీట నొక్కితే టక్‌మంటుంది. అంతే. తూటా ఉన్నచోటే ఉంటుంది.

అబూ నాసర్ ఎదురుగా కూర్చున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"మొదటి తూటాతోనే అయిపోవాలి గంగా. రెండోది కాల్చే ధైర్యం నాకు లేదు."

గంగాధర విప్పిన పిస్తోలును మళ్లీ బిగించసాగాడు.

"ఎంతకాలం నా చేతి తిండి తిన్నాడు! ఇప్పుడు లేచి నిలబడలేడు. వేరేవాళ్ల చేతుల్లో పోకూడదు వాడు. నా చేతుల్లోనే పోవాలి."

"బాబా... వదిలెయ్యండి బాబా. దేవుడున్నాడు."

"ఖలాస్! ఇక చాలు!" టేబుల్ మీద గుద్దాడు అబూ నాసర్. "నిన్ను సలహా అడగలేదు. ఏది పేలుతుందో చెప్పు."

నిజం చెబితే అసిఫ్ చస్తాడు. చెప్పనంటే? చూసినవాణ్ణి ఎవరు వదులుతారు? ఊళ్లో పెళ్లాం ముఖం కళ్ల ముందు ఆడింది.

వెండి పిస్తోలును మెల్లగా ముందుకు జరిపాడు.

"ఇది బాబా. మూడింట్లోకీ ఇదే మేలైంది. కచ్చితంగా పేలుతుంది."

"నీ మాట మీద వెళ్తున్నాను."

"నా మాట మీదే వెళ్లండి."

అబూ నాసర్ ఆ పిస్తోలు తీసుకుని, తూటాల పెట్టె చంకలో పెట్టుకుని లేచాడు. గంగాధర కూడా లేవబోయాడు.

"నువ్వు రావద్దు. చూసి తట్టుకోలేవు."

బయటినుంచి తాళం పడింది.

షెడ్డు ఆ గదికి ఆనుకునే ఉంది. గంగాధర గోడకు చెవి ఆనించాడు. మొదట అబూ నాసర్ గొంతు, ఏదో దువా చదివి ప్రార్థిస్తున్నట్టు. తర్వాత నిశ్శబ్దం.

టక్.

గంగాధర చెవిని ఇంకా గట్టిగా ఆనించాడు.

టక్. మళ్లీ టక్.

పేలలేదు! రెండు చేతులూ ఎత్తి దండం పెట్టుకున్నాడు. ఒక మనిషి ప్రాణం నిలబెట్టాడు తను. తర్వాత తనకేమైనా సరే.

గోడ అవతల ఎవరో భోరున ఏడుస్తున్నారు. ఆ వెంటనే ఎవరో పరిగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు. తాళం తిరిగింది. తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో అసిఫ్! ఒంటి మీద చిన్న గాయమైనా లేదు.

"అసిఫ్ భాయ్! బతికే ఉన్నావా!" గంగాధర వెళ్లి వాటేసుకున్నాడు.

అసిఫ్ అతన్ని విదిలించుకుని టేబుల్ వైపు ఉరికాడు. ముఖమంతా కన్నీళ్లు.

"అది పేలట్లేదు భాయ్, ఇంకోటి ఇవ్వు, తొందరగా... నేను సరిగా చూసుకోక కాళ్లు విరిగిన ముసలి గుర్రం నొప్పికి కొట్టుకుంటూ బాబా ముఖంలోకే చూస్తోంది!"